ఒడ్డు చెక్కిన డిస్కు

కుండ కింద

మా ఇంట్లో మంచినీళ్ళ కుండ ఒక గుండ్రటి ఇనుప బిళ్ళ మీద కూర్చుని ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని పాతకాలపు పీట అనుకుంటారు. కాదు. అది ఒక చిన్న కారు ముందరి ఎడమ చక్రానికి ఉండే బ్రేక్ డిస్కు. మొదట్లో నా భార్య సరోజన "ఇంట్ల గూడ ఇనుమేనా?" అని సణిగింది. కుండ ఒరగకుండా నిలబడుతుందని తెలిశాక మాత్రం దాన్ని అక్కడి నుంచి తీయనివ్వలేదు.

ఎండాకాలం మధ్యాహ్నాలు కుండ చెమ్మగిల్లి ఆ డిస్కు మీదికి నీటి బొట్లు జారుతుంటాయి. పక్కనే మంచం వేసుకుని పడుకుంటాను. సగం నిద్రలో నా చెయ్యి దానంతట అదే కిందికి వెళ్ళి డిస్కును తడుముతుంది. చూపుడువేలి గోరు లోపలి నుంచి బయటికి మెల్లగా జారుతుంది. దేనికీ తగలకుండా అంచు దాటి గాల్లోకి పోతుంది. ప్రతిసారీ సరిగ్గా అక్కడే నాకు మెలకువ వస్తుంది. ఎందుకు వస్తుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను పని నేర్చుకున్నది సూర్యాపేటలో. చెయ్యి తిరిగింది కోదాడలో. సొంత షెడ్డు పెట్టుకున్నది మిర్యాలగూడలో. ఇప్పుడు పని మానేసి చివ్వెంలలో ఉంటున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు ఇంజన్ల గురించి చెప్పేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. కారు ఎట్లా పరుగెత్తుతుందో వాళ్ళను అడగండి. అది ఎట్లా ఆగుతుందో నేను చెప్తాను.

చక్రం వెనక ఈ డిస్కు చక్రంతో పాటే తిరుగుతుంటుంది. పెడల్ తొక్కగానే రెండు ప్యాడ్లు దాన్ని రెండువైపుల నుంచి అదిమి పట్టుకుంటాయి. అప్పటిదాకా ఉన్న పరుగంతా వేడిగా మారి ఆ ఇనుములోకి దిగుతుంది. ఇనుము మందంగా ఉంటే ఆ వేడిని మోస్తుంది, పలచబడితే మోయలేదు. ఇదే మొత్తం విద్య. దీన్ని తలకెక్కించుకోవడానికి నాకు ఒక జీవితం పట్టిందంటే, డిస్కు మందం సంగతి సరే, నా బుర్ర మందం ఎంతో మీరే అనుకోండి.

ఉస్తాద్ గోరు

నాకు పని నేర్పింది ఖాదర్ ఉస్తాద్. సూర్యాపేటలో హైవే పక్కన రేకుల షెడ్డు ఆయనది. అంతకుముందు నేను మా ఊళ్ళో ట్రాక్టర్ నడిపేవాణ్ణి. చిన్న కార్లు మా వైపు అప్పుడప్పుడే కనబడుతున్న రోజులవి. మొదటి వారం ఆయన నా చేతికి పానా కూడా ఇవ్వలేదు. కారును జాకీ మీద లేపి, చక్రం ముందు కూర్చోబెట్టాడు.

"కండ్లు మూస్కో. ఇగ తిప్పు. ఏం ఇనవడ్తుంది?"

"ఏం లేదు ఉస్తాద్."

"ఏం లేదంటే నీకు ఇంకా చెవులు రాలేదన్నట్టు. జర మళ్ల తిప్పు."

తిప్పాను. చాలాసేపు తిప్పాక వినబడింది. స్స్... అని సన్నగా రాపిడి, కాసేపు ఏమీ లేదు, మళ్ళీ స్స్... అంటే డిస్కు ఒకచోట కొద్దిగా వంగి ఉంది, తిరిగినప్పుడల్లా ఆ చోటు ప్యాడ్‌ను తాకి పోతోంది. కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటుంటే ఎక్కడో దూరంగా ఎవరో నిద్రలో ఊపిరి పీల్చుకుంటున్నట్టు అనిపించేది. హైవే మీద లారీలు మాయమయ్యేవి. షెడ్డు మాయమయ్యేది. ఉస్తాద్ వచ్చి భుజం తట్టి, "ఏందిర బయ్, కారును నిద్ర పుచ్చుతున్నవా?" అనేవాడు.

డిస్కు ఎందుకు వంగుతుందో కూడా అక్కడే తెలిసింది. ఒక డ్రైవర్ బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోందని కారు తెచ్చాడు. నాలుగు రోజుల కిందట కోదాడ నుంచి మిట్టమధ్యాహ్నం తోలుకొచ్చి, ఆపింది ఆపినట్టే సాగర్ కాలువ దగ్గర బకెట్లతో చక్రాల మీద నీళ్ళు కొట్టాడట. మా వైపు బండి కడగడమంటే కాలువ దగ్గరికి తోలడమే. ఉస్తాద్ అతణ్ణి తిట్టలేదు. "కాగిన పెంక మీద నీళ్ళు చల్లినవ్ గద తమ్మీ. అది ఏం జేస్తది? వంకర పోయింది" అన్నాడు. కడగండి, వద్దనడం లేదు. డిస్కు చల్లబడేదాకా చెట్టు కింద కూర్చుని కడగండి. కడిగిన మర్నాడు డిస్కు మీద ఎర్రగా తుప్పు చార కనబడితే కంగారు పడకండి. నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది.

ఇంకొకటి. కొత్త డిస్కు బిగించేముందు అది ఆనుకునే హబ్బును బ్రష్‌తో బాగా తోమండి. కాగితమంత తుప్పు పొర మిగిలినా డిస్కు ఒరిగి కూర్చుంటుంది. అప్పుడు స్టీరింగ్ ఊగుతుంది. మనం డిస్కును తిడతాం. దాని తప్పేమీ ఉండదు పాపం.

వీటన్నిటికంటే పెద్ద పాఠం ఆయన గోరు. ఉస్తాద్ కుడిచేతి చూపుడువేలి గోరును కొద్దిగా పెంచేవాడు. చక్రం విప్పగానే ఆ గోరును డిస్కు నడుమ నుంచి బయటి అంచుకు జార్చేవాడు. నా చేత కూడా చేయించాడు.

"గోరు ఆగిందా?"

"ఆగింది ఉస్తాద్. ఏదో తగిలింది."

"గదే ఒడ్డు."

ప్యాడ్ డిస్కు చిట్టచివరి దాకా రుద్దదు. అందుకని రుద్దినంత మేర ఇనుము అరిగి కిందికి దిగుతుంది, అంచు మాత్రం మొదటి ఎత్తులోనే మిగిలిపోతుంది. పొలం చుట్టూ ఒడ్డు ఉన్నట్టు. ఒడ్డు ఎత్తు పెరిగినట్టు కనబడితే ఒడ్డు పెరిగినట్టు కాదు, పొలం దిగినట్టు.

"ఒడ్డు దాని వయసు చెప్తది. ఎంత అరిగినా అది అబద్ధం ఆడది. దాని నోరు మాత్రం ముయ్యకు" అన్నాడు ఉస్తాద్.

ఆ మనిషి మీద నాకున్నది ఒకటే ఫిర్యాదు. ప్రతి డిస్కు మీద, నడుమ టోపీలాగా లేచిన భాగంలో, ఇంతకంటే పలచబడితే వాడొద్దని ఒక అంకె పోతపోసి ఉంటుంది. ఆయన దాన్ని ఏనాడూ చూడలేదు. ఆయనకు ఆ అంకె పక్కన ఉండే ఇంగ్లీషు అక్షరాలు చదవడం రాదు. నాకు వచ్చు. నేనూ చదవలేదు. అందుకని ఆ ఫిర్యాదు నిజానికి నా మీదే.

కోదాడలో సప్పుడు

కోదాడలో నేను పనిచేసిన గ్యారేజీ ప్రసాదరావు గారిది. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, నూనె మరక అంటకుండా సాయంత్రం ఇంటికి వెళ్ళే మనిషి. కోదాడ దాకా వచ్చేసరికి మాట మారుతుంది. మా ఒడ్డు అక్కడ గట్టు. మా గుంజుడు అక్కడ లాగడం. మాట మారితే ఏమవుతుందిలే అనుకున్నాను. ఒకాయన ఫోన్ చేసి "మేస్త్రీ, బ్రేకు పట్టేస్తందండీ" అన్నాడు. మా వైపు బ్రేకు పట్టిందంటే మంచిగా పనిచేసిందని. "మంచిదే గదన్నా, కొత్త ప్యాడ్లు గట్లనే పడ్తయి" అన్నాను. ఆయన చెప్పింది బ్రేకు వదలడం లేదని. గంట తర్వాత ఆయన కారు గ్యారేజీ ముందుకు వచ్చి ఆగింది. ముందు చక్రం నుంచి పొగ. అప్పటి నుంచి కస్టమర్ నోట ఏ మాట విన్నా కారు కొంతదూరం నడిపి, దిగి, నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి తగలనీయకుండా పెట్టి వేడి చూసేవాణ్ణి. ఒక్క చక్రం మిగతావాటి కంటే కాగుతుంటే అక్కడ ప్యాడ్ డిస్కును వదలడం లేదన్నమాట.

ప్రసాదరావు గారు బ్రేకుల గురించి నమ్మిన సూత్రం ఒక్కటే.

"చూడు యాదగిరీ, కస్టమరుకి బ్రేకు కనబడదు. వినబడుద్ది, అంతే. కీచుమందా, మళ్ళీ మన గుమ్మం తొక్కడు. గట్టు చెక్కెయ్."

కొత్త ప్యాడ్ అంచులు పాత డిస్కు ఒడ్డును ఒరుసుకుంటే కీచుమని సప్పుడు వస్తుంది. ఆ ఒడ్డును గ్రైండర్‌తో చెక్కేస్తే సప్పుడు పోతుంది. ఉస్తాద్ మాట నాకు గుర్తు లేక కాదు. కానీ మేం పొలం చేసుకునేవాళ్ళం. నాటుకు ముందు పారతో ఒడ్లు చెక్కడం మా ఇంట్లో ప్రతి పంటకూ ఉన్న పని. ఒడ్డు చెక్కని మడిని చూస్తే బద్ధకస్తుడిదని నవ్వేవాళ్ళం. అందుకే గ్రైండర్ పట్టుకున్నప్పుడు నాకు అది తప్పు అనిపించలేదు. శుభ్రంగా అనిపించింది. నిప్పురవ్వలు రాలుతుంటే, అంచు సమంగా మెరుస్తూ బయటపడుతుంటే, తెల్లవారి చెక్కిన ఒడ్డు మీద పచ్చిమట్టి మెరిసినట్టే ఉండేది. సంతోషంగా ఉండేది. "యాదగిరి చెక్కితే డిస్కు అద్దమండీ" అని ప్రసాదరావు గారు నలుగురిలో అనేవారు. నేను పొంగిపోయేవాణ్ణి.

ఇక్కడ ఒక మాట తేల్చి చెప్తాను. ఒడ్డు చెక్కడం నేరం కాదు. ముందు మందం కొలిచి, ఇంకా ఇనుము మిగిలి ఉంటే చెక్కొచ్చు. కొలవకుండా చెక్కడం తప్పు. చెక్కి చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు. ప్రసాదరావు గారు చెడ్డవారు కాదు, పనివాళ్ళను ఏనాడూ కసరలేదు. ఆయనకు చెవులు ఉన్నాయి, గోరు లేదు. నాకు రెండూ ఉన్నాయి. నేను గోరును పక్కన పెట్టాను.

నీలి పట్టా

మిర్యాలగూడలో నా షెడ్డు మిల్లుల దారిలో ఉండేది. చలికాలం పొద్దున వడ్లు ఉడికించిన ఆవిరి రోడ్డు మీదికి దిగేది. ఆ తెల్లటి ఆవిరిలోంచి కార్లు ఒక్కొక్కటే తేలుతూ వచ్చేవి. షెడ్డుకు రేకులు వేయించే ఓపిక లేక నీలం రంగు ప్లాస్టిక్ పట్టా కప్పాను. ఎండ పడితే లోపలంతా నీలంగా ఉండేది. నా చేతులు నీలం, పానాలు నీలం, వచ్చినవాళ్ళ మొహాలు నీలం. ఒక్కోసారి నీళ్ళ అడుగున కూర్చుని పని చేస్తున్నట్టు అనిపించేది. ఆ నీలం నాకు ఇష్టంగా ఉండేది. నా కళ్ళను అది ఏం చేసిందో తర్వాత తెలిసింది.

సువార్త మేడం అక్కడికే వచ్చేది. దామరచర్ల దగ్గర బడిలో సైన్స్ టీచర్. తెల్ల రంగు చిన్న కారు. రోజూ తనతో పాటు ఇంకో ముగ్గురు టీచర్లను ఎక్కించుకుని మిర్యాలగూడ నుంచి బడికి వెళ్ళి వచ్చేది. ఆ దారిలో కరెంటు ప్లాంటు బూడిద లారీలు తిరుగుతాయి. ఆ సన్నటి బూడిద డిస్కుకూ ప్యాడ్‌కూ నడుమ చేరితే ఉప్పుకాగితం రుద్దినట్టే. వేరే దారిలో తిరిగే కారు కంటే ఆమె కారు డిస్కులు తొందరగా అరిగేవి.

మొదటిసారి ఆమె వచ్చింది సప్పుడు వస్తోందనే. ప్యాడ్లు మార్చాను. డిస్కుకు మంచి ఒడ్డే ఉంది. అరిగేకొద్దీ మళ్ళీ ఒడ్డు లేచి సప్పుడు రాకుండా అంచును ఇంకా లోతుకే చెక్కేశాను. ఇంకో జత ప్యాడ్ల దాకా ఈ డిస్కులు నడుస్తాయి, ఆ తర్వాత మార్చాలి అని మనసులో అనుకున్నాను. మనసులోనే. తాళం చేతికిచ్చి, "ఇగ సప్పుడు రాదు మేడం" అన్నాను. ఆమె సంతోషంగా వెళ్ళింది. నేనూ సంతోషంగానే ఉన్నాను.

రెండేళ్ళు గడిచాయి. ఒంటిపూట బడుల కాలం. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమె మళ్ళీ వచ్చింది.

"రేపు బడి అయినంక అటే శ్రీశైలం పోతున్నం యాదగిరన్నా. మావోళ్ళు ముగ్గురికి దర్శనం, నాకు డ్యామ్. ఘాట్ రోడ్డు గదా, బ్రేకులు జర మంచిగ చూడు."

చక్రం విప్పాను. ప్యాడ్లు అరిగిపోయాయి. డిస్కు మీద గోరు జార్చాను. ఎక్కడా ఆగలేదు. నున్నగా అంచు దాటి పోయింది. డిస్కు మీద అక్కడక్కడా నీలంగా కనబడింది. పట్టా నీడ అనుకున్నాను. కొత్త ప్యాడ్లు వేసి బిగించాను.

"డిస్కులు కొత్త లెక్క ఉన్నయి మేడం."

"పక్కానా?"

"పక్కా."

ఒంటిపూట బడి

శనివారం పొద్దున పది దాటింది. పని తక్కువగా ఉంది. రిపేరుకు వచ్చిన ఒక కారు వెనక సీట్లో తలుపు తెరుచుకుని నడుం వాల్చాను. ఉడికిన వడ్ల వాసన వస్తోంది. పట్టా గాలికి పైకి లేచి కిందికి దిగుతోంది. ఎప్పుడు కళ్ళు మూతపడ్డాయో తెలియదు.

కలలో ఒక మడి. గుండ్రంగా, పెద్దగా, నిండా నీళ్ళతో మెరుస్తోంది. నేను దాని మధ్యలో నిలబడ్డాను. బయటికి రావాలి. ఒడ్డు మీద కాలు పెడదామని నడుస్తున్నాను. ఎంత నడిచినా ఒడ్డు రాదు. చివరికి వచ్చాను. అక్కడ కూడా ఒడ్డు లేదు. నీళ్ళు అంచు మీదుగా చప్పుడు లేకుండా కిందికి జారిపోతున్నాయి. నేను కాలు చాపాను. కింద ఏమీ తగల్లేదు.

లేచి కూర్చున్నాను.  ఒడ్డు లేని మడి ఎక్కడైనా ఉంటుందా? ఉండదు. ఆ బూడిద దారిలో అన్నేళ్ళు తిరిగిన కారుకు ఒడ్డు లేని డిస్కు ఉంటుందా? ఉండదు. ఉండాలంటే ఎవరో చెక్కి ఉండాలి. మిర్యాలగూడలో ఒడ్డు అంత నున్నగా చెక్కేవాడు ఒక్కడే ఉన్నాడు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. క్లాసులో ఉంటే ఆమె ఫోన్ సంచిలో పెట్టేస్తుంది. బడి పన్నెండున్నరకు విడిచిపెడతారు. మందం కొలిచే వెర్నియర్, జాకీ, పానా సంచిలో వేసుకుని బండి తీశాను. దారి పొడవునా బూడిద లారీలు. ఒకదాన్ని దాటితే ఇంకొకటి. ఎండలో బూడిద గాల్లో వేలాడుతోంది. ఎంత పోతున్నా అదే లారీ వెనక ఉన్నట్టు, రోడ్డు నా కింద కదలడమే లేనట్టు అనిపించింది. కల ఇంకా అయిపోలేదేమో అనుకున్నాను. నలుగురు మనుషులు, ఒక ఘాట్ రోడ్డు, మలుపు మలుపుకూ బ్రేకు. పలచటి డిస్కు నాలుగు మలుపులకే కాగిపోతుంది. ఆ వేడికి బ్రేక్ ఆయిల్ మరుగుతుంది. తర్వాత పెడల్ తొక్కితే కాలు మెత్తగా కిందికి పోతుంది. కలలో నా కాలు పోయినట్టే. అది తలచుకుంటే నాకు ఏడుపు వచ్చింది. బండి మీద ఏడ్చుకుంటూనే పోయాను.

వెళ్ళేసరికి గంట కొట్టారు. పిల్లలు గేటు దాటుతున్నారు. కారు దగ్గర ముగ్గురు టీచర్లు సంచులతో నిలబడ్డారు. ఒకామె చేతిలో కొబ్బరికాయల సంచి. సువార్త మేడం తలుపు తీస్తోంది.

"మేడం, కారు తియ్యొద్దు."

"ఏమైందన్నా? గిట్ల ఉరికొచ్చినవ్?"

"చక్రం ఇప్పాలె మేడం. ఒక్కసారి చూడాలె."

ఆమె నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు. బడి ముందరి ఖాళీలో, ఎండలో, చక్రం విప్పాను. ఇక్కడ పట్టా లేదు. అయినా డిస్కు మీద నీలం అట్లాగే ఉంది. అది కాగి కాగి కమిలిన ఇనుము రంగు. వెర్నియర్ పెట్టి కొలిచాను. ఆమె వంగి, డిస్కు టోపీ మీది తుప్పును చీర కొంగుతో తుడిచి, అక్కడ పోతపోసిన అంకె చదివింది.

"పదిహేను అని ఉంది. నీ దాంట్ల ఎంత వచ్చింది?"

"పద్నాలుగుకు తక్కువ."

కొబ్బరికాయల సంచి పట్టుకున్నామె దాన్ని మెల్లగా నేల మీద పెట్టింది. 

"నిన్న కొత్త లెక్క ఉన్నయన్నవ్ గదా అన్నా."

"అన్న మేడం. రెండేండ్ల కింద ఒడ్డు నేనే చెక్కిన. చెక్కి మర్చిపోయిన. నిన్న గోరు పెడితే ఏం తగల్లే. నా చెయ్యే నన్ను మోసం చేసింది."

ఆమె చాలాసేపు ఆ డిస్కు వైపే చూసింది. కోపంగా అరిచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"చెయ్యి ఏం చేసిందన్నా. చెక్కిన్నాడు నాకొక మాట చెప్తే, నువ్వు మర్చిపోయినా నేనన్న యాదుంచుకుందు గదా."

ఇన్నేళ్ళ పనిలో నాకు ఎవరూ చెప్పని మాట అది. డిస్కు మన చేతి కిందికి వచ్చేది ఏడాదికో రెండేళ్ళకో ఒక్కసారి. కారు తోలే మనిషి రోజూ దాని మీద కాలు పెడుతుంది. ఆ మనిషికి చెప్పకుండా మనం ఒక్కళ్ళమే దాచుకున్న సంగతి ఎన్నాళ్ళు నిలుస్తుంది? నాది రెండేళ్ళు కూడా నిలవలేదు.

ఆ ముగ్గురూ బస్సెక్కి శ్రీశైలం పోయారు. మేడం పోలేదు. సోమవారం కొత్త డిస్కులు తీసుకెళ్ళి బడి దగ్గరే బిగించాను. హబ్బు తోమి, నట్లు ఎదురెదురుగా సమంగా బిగించి, కొత్త డిస్కు మందాన్ని టోపీ మీద తెల్ల పెయింటుతో రాశాను. ఆమెను కూర్చోబెట్టి గోరు పెట్టించాను. ముందు కొత్తదాని మీద, తర్వాత విప్పిన పాతదాని మీద.

"రెండూ ఒకటే తీర్గ ఉన్నయి గదన్నా."

"అదే మేడం నేను చేసిన పని. ముసలిదాన్నీ పసిదాన్నీ ఒకటే చేసిన."

పాత డిస్కుల్లో కుడిది ఆమె బడిలో సైన్స్ గదికి తీసుకెళ్ళింది. ఎడమది నేను తెచ్చుకున్నాను. ఆ తర్వాత ఆమె మళ్ళీ నా షెడ్డుకు రాలేదు. ఆమె స్థానంలో నేనున్నా వచ్చి ఉండేవాణ్ణి కాదు. కానీ రోడ్డు మీద తెల్ల కారు కనబడితే చాలు, చేతిలో పని ఆపి తల ఎత్తేవాణ్ణి. అది ఆగకుండా పోతే మళ్ళీ తల దించుకునేవాణ్ణి. షెడ్డు మూసేదాకా ఆ అలవాటు పోలేదు.

నీలి పట్టా తీసేసి తెల్ల రేకులు వేయించాను. ఆ రోజు నుంచి చెక్కిన ప్రతి డిస్కు మీద మందం రాశాను. ప్రతి కారు తోలే మనిషి చేత గోరు పెట్టించాను. చాలామంది నవ్వారు. ఒక మిల్లు సేటు "నా గోళ్ళకు గిదా పని? నువ్వు చూసి చెప్పరాదు?" అన్నాడు. "నేను చూసి చెప్తే ఏమైతదో నాకు ఎరుకే సేటూ" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు గానీ గోరు మాత్రం పెట్టాడు.

సప్పుడు

ఈ ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"యాదగిరన్నా, నేను సువార్త టీచర్ని. యాదికున్ననా?"

 పక్కన సరోజన "ఎవరయ్యా?" అంటోంది. చెయ్యి ఊపి ఆగమన్నాను.

"ఇప్పుడు నిడమనూరుల చేస్తున్న అన్నా. కారు గీడనే ఒక షెడ్డుకు తెచ్చిన. ప్యాడ్లు మార్చిండు. డిస్కులు కొత్త లెక్క ఉన్నయంటున్నడు."

అవే మాటలు. నేను ఆ రోజు అన్న మాటలే. మంచం మీద లేచి కూర్చున్నాను. "మేడం, గోరు పెట్టిన్రా?"

"పెట్టిన. ఇను."

ఫోన్‌లో కాసేపు గాలి చప్పుడు. షెడ్డులో ఎవరో ఇనుము మీద కొడుతున్నారు. ఆమె వాళ్ళను "జర ఆగుండ్రి" అంది. అంతా నిశ్శబ్దం అయింది. తర్వాత ఇనుము మీద గోరు జారుతున్న సన్నటి రాపిడి, చివర్లో చిన్నగా, స్పష్టంగా, టిక్.

"ఇనవడ్డదా?"

"ఇంకొకసారి మేడం."

టిక్.

"ఒడ్డు ఉంది మేడం."

"ఉంది. చెక్కుతనన్నడు. చెక్కనియ్యలే. ముందు కొలువు అన్న. అంకె నేనే చదివిన. దానికంటె ఇంకా ఒక మిల్లీమీటరు ఎక్కువనే ఉంది. పుస్తకంల రాసుకున్న."

"అన్నీ మీరే చూసుకున్నరు గదా మేడం. ఇగ నన్ను అడిగేది ఏముంది?"

"అడిగెటందుకు చెయ్యలేదన్నా. నీకు ఇనిపియ్యాలనిపిచ్చింది."

ఫోన్ పెట్టేశాను. సరోజన కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చింది. తాగి మళ్ళీ పడుకున్నాను. కళ్ళు మూతపడుతుంటే ఎప్పటిలాగే చెయ్యి కిందికి వెళ్ళింది. గోరు తడి ఇనుము మీద మెల్లగా జారి, దేనికీ తగలకుండా, అంచు దాటి గాల్లోకి పోయింది. సాయంత్రం సరోజన చాయ్ పెట్టి లేపేదాకా నాకు మెలకువ రాలేదు.